అడిగినంతకే జవాబు

తొంభైల మధ్యలో తెనాలిలో మా మేనమామ వాళ్ళింట్లో ఒక టీవీ గేము సెట్టు ఉండేది. వేసవి సెలవుల్లో దాని ముందు నలుగురం పిల్లలం, మా చేతుల్లో రెండే జాయ్‌స్టిక్‌లు. ఒకరోజు అందులో ఒకటి పలకడం మానేసింది. పక్కవీధి కుర్రాడి సెట్టుది అరువు తెచ్చి గుచ్చాం. ప్లగ్గు చక్కగా కూర్చుంది. అదీ తొమ్మిది రంధ్రాలదే. తెర మీద మారియో మాత్రం కదల్లేదు.

మావయ్య ఆ రెండు జాయ్‌స్టిక్‌లనూ సంచిలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని, రేడియోలు బాగుచేసే ఆయన కొట్టుకి వెళ్ళాడు. ఆయన రెండింటినీ విప్పి పక్కపక్కన పెట్టాడు. మీటరు పుల్లలు ఆనించి ఏ రంగు తీగ ఎక్కడికి పోతోందో సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసుకున్నాడు. "మూతి ఒకటేరా అబ్బాయ్, లోపల దారులు వేరు" అన్నాడు. అరగంటకి ఒక జానెడు తీగ నా చేతిలో పెట్టాడు. ఒక చివర మగ ప్లగ్గు, ఇంకో చివర ఆడ ప్లగ్గు, మధ్యలో ఐదు వైర్లు అడ్డంగా ఒకదాన్నొకటి దాటుకుంటూ. ఇంటికొచ్చి గుచ్చితే మారియో పరిగెత్తాడు.

దాన్ని అడాప్టర్ అంటారని తెలిసేసరికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ తర్వాత ఇలాంటివి ఎన్నో విప్పి చూశాను, కొన్ని చేశాను కూడా. పాత గేము కన్సోల్‌లో ముందు పాడయ్యేది చాలాసార్లు చేతిలో ఉండే భాగమే. చిప్పులు నలభై ఏళ్ళు దాటినా పనిచేస్తాయి. రబ్బరు గట్టిపడుతుంది, ప్లాస్టిక్ అరిగిపోతుంది, తీగ మెడ దగ్గర తెగుతుంది. అందుకే పాత కన్సోల్‌కి కొత్త జాయ్‌స్టిక్‌ని, లేదా వేరే కన్సోల్‌ది తగిలించే చిన్న పెట్టెలు పుట్టుకొచ్చాయి. అగ్గిపెట్టె అంత ఉండే ఆ పెట్టెల్లో ఎంత పనితనం ఉందో తెలియాలంటే ముందు అటు పక్కన కూర్చున్న పాత యంత్రం ఏం అడుగుతుందో, ఎలా అడుగుతుందో తెలియాలి.

అటారీ నుంచి మొదలుపెడదాం. 1977లో వచ్చిన అటారీ వీసీఎస్‌ను తర్వాత అందరూ అటారీ 2600 అన్నారు. దాని వెనక ఉన్న తొమ్మిది పిన్నుల సాకెట్‌లో దాచిపెట్టిందేమీ లేదు. ఒకటో పిన్ను పైకి, రెండోది కిందికి, మూడోది ఎడమకి, నాలుగోది కుడికి. ఆరోది ఫైర్ బటన్. ఏడు 5 వోల్టులు, ఎనిమిది భూమి, అంటే గ్రౌండ్. సీఎక్స్40 అనే ఆ నల్ల జాయ్‌స్టిక్‌ని విప్పితే చిన్న బోర్డు మీద ఐదు లోహపు బొడిపెలు కనిపిస్తాయి. కర్రని ఎడమకి వంచితే ఎడమ బొడిపె అణిగి మూడో పిన్నుని భూమికి కలుపుతుంది. అంతే. దిశకో తీగ. కన్సోల్‌లోని 6532 చిప్పు ఆ తీగల్ని ఒకే బైటుగా చదువుతుంది, నాలుగు బిట్లు ఒక ఆటగాడివి, నాలుగు ఇంకొకరివి. ఏ తీగలో వోల్టేజి పడిపోయిందో ఆ దిశ నొక్కినట్టు.

ఇంత నిరాడంబరంగా ఉండబట్టే ఈ సాకెట్‌ని మిగతావాళ్ళూ తీసుకున్నారు. కమొడోర్ 64, అమిగా, అటారీ ఎస్‌టీ, సెగా మాస్టర్ సిస్టమ్, అన్నిటికీ ఇదే మూతి. సెగా మెగాడ్రైవ్ 1988లో జపాన్‌లో వచ్చినప్పుడు దానికీ ఇదే. అమెరికాలో దాన్ని జెనెసిస్ అన్నారు. తెనాలి రేడియో ఆయన చెప్పిన మాట నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. మెగాడ్రైవ్ ప్యాడ్‌లో నాలుగు దిశలు, మూడు బటన్లు, స్టార్ట్, మొత్తం ఎనిమిది ఉన్నాయి. పంపడానికి మిగిలిన తీగలు ఆరే. సెగా ఇంజినీర్లు ప్యాడ్‌లో 74హెచ్‌సీ157 అనే చిన్న చిప్పు పెట్టారు. ఏడో పిన్ను మీద కన్సోల్ ఎక్కువ వోల్టేజి పెడితే ఆ చిప్పు బీ, సీ బటన్ల సంగతి చెబుతుంది. తక్కువ పెడితే ఏ, స్టార్ట్ సంగతి చెబుతుంది. ఒకే కిటికీ దగ్గర ఇద్దరు గుమాస్తాలు వంతులవారీగా కూర్చున్నట్టు.

ఇప్పుడీ ప్యాడ్‌ని తీసుకెళ్ళి అటారీ 2600కి గుచ్చితే దిశలన్నీ పనిచేస్తాయి, బీ బటన్ ఫైర్ అవుతుంది. అటారీ ఏడో పిన్ను మీద ఎప్పుడూ 5 వోల్టులే ఉంటాయి కాబట్టి ప్యాడ్ ఎప్పుడూ బీ, సీ వంతులోనే ఉండిపోతుంది. చాలామంది ఇలాగే ఆడతారు. కానీ ఆ ప్యాడ్ తన కరెంటు కోసం చూసేది ఐదో పిన్ను వైపు. అటారీలో ఐదో పిన్ను పాడిల్ అనే తిప్పుడు మీటది. అంటే సెగా చిప్పు సరైన దారిలో తిండి అందక, పక్కదారిలో వచ్చినదాంతో బతుకుతోందన్నమాట. పనిచేస్తోంది కదా అని ఊరుకోవచ్చు. మంచి అడాప్టర్ చేసేవాడు ఊరుకోడు. ఏడో పిన్ను నుంచి 5 వోల్టులు తీసుకుని ప్యాడ్ ఐదో పిన్నుకి అందిస్తాడు, అటారీ పాడిల్ దారిని వదిలేస్తాడు. పైకి చూస్తే ఆటలో తేడా ఏమీ కనిపించదు. నాకు మాత్రం ఈ తేడా చాలా పెద్దది.

కమొడోర్ 64 దగ్గర ఈ ప్యాడ్‌ని నేరుగా గుచ్చడం పద్ధతి తప్పడంతో ఆగదు, ప్రమాదం దాకా పోతుంది. ఆ కంప్యూటర్‌లో కీబోర్డుని, జాయ్‌స్టిక్‌ని చదివేది 6526 అనే ఒకే చిప్పు, అవే కాళ్ళతో. మామూలు జాయ్‌స్టిక్ అయితే తీగని భూమికి కలుపుతుంది, లేదా ఊరికే వదిలేస్తుంది. సెగా ప్యాడ్‌లోని చిప్పు వదిలేయదు. బటన్ నొక్కనప్పుడు తీగని గట్టిగా పైకి పట్టుకుంటుంది. కీబోర్డు చదవడానికి 6526 అదే తీగని కిందికి లాగబోతే ఇద్దరూ చెరో వైపు లాగుతారు. ఓడిపోయేది పాత చిప్పు. అది కాలిపోతే దొరకడం కష్టం. దీనికి మందు పైసల ఖర్చుతో పోయేది, తీగకో డయోడ్. డయోడ్‌లో కరెంటు ఒకే వైపు పోతుంది కాబట్టి ప్యాడ్ తీగని కిందికి లాగగలదు, పైకి పట్టుకోలేదు. నాలుగు దిశలకి నాలుగు, బటన్‌కి ఒకటి. బాగా చేసిన కమొడోర్ అడాప్టర్‌ని విప్పితే ఆ డయోడ్లు వరసగా, అన్నిటి నల్ల గీతలూ ఒకే వైపుకి తిరిగి, పంక్తిలో కూర్చున్నట్టు ఉంటాయి.

నింటెండో దారి వేరు. 1983లో జపాన్‌లో వచ్చిన ఫామికామ్, అమెరికాకి వెళ్ళి ఎన్‌ఈఎస్ అయిన యంత్రం, దిశకో తీగ పద్ధతిని వదిలేసింది. ప్యాడ్‌లో 4021 అనే షిఫ్ట్ రిజిస్టర్ చిప్పు ఉంటుంది. కన్సోల్ ముందు ఒక తీగ మీద గంట కొడుతుంది. ఆ క్షణంలో ఏ బటన్లు నొక్కి ఉన్నాయో చిప్పు ఫొటో తీసినట్టు పట్టుకుంటుంది. తర్వాత ఇంకో తీగ మీద ఒక్కొక్క తట్టు తడుతుంటే ఒక్కొక్క బటన్ సంగతి వరసగా చెబుతుంది. ఏ, బీ, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి. ఎనిమిది తట్లు, ఎనిమిది జవాబులు. గంటకో తీగ, తట్టుకో తీగ, జవాబుకో తీగ, 5 వోల్టులు, భూమి. ఐదు తీగలు. మా మావయ్య సెట్టులో ఉన్నదీ ఈ పద్ధతే. మన ఊళ్ళలో అప్పట్లో అమ్మిన చాలా సెట్లు ఫామికామ్‌కి నకళ్ళు. వాటికి అటారీ మూతి తగిలించి, లోపల నింటెండో సంభాషణ నడిపారు. రేడియో ఆయన అట్ట మీద రాసుకున్నవి ఆ ఐదు తీగలే.

1990లో సూపర్ ఫామికామ్ వచ్చింది. దాని ప్యాడ్‌లో పన్నెండు బటన్లు. నింటెండో ఇంజినీర్లు పాత సంభాషణని మార్చలేదు, పొడిగించారంతే. ఎనిమిది తట్ల బదులు పదహారు తట్లు. వరస ఇలా ఉంటుంది: బీ, వై, సెలెక్ట్, స్టార్ట్, నాలుగు దిశలు, ఆ తర్వాత కొత్తగా వచ్చిన ఏ, ఎక్స్, ఎల్, ఆర్. ఈ వరసని పాత వరస పక్కన పెట్టి చూడండి. పాత ప్యాడ్ "ఏ" అనే చోట కొత్త ప్యాడ్ "బీ" అంటుంది, "బీ" అనే చోట "వై" అంటుంది, మిగతా ఆరూ అచ్చం అవే. సూపర్ ప్యాడ్‌ని పాత ఎన్‌ఈఎస్‌కి తగిలించాలంటే చిప్పు అక్కర్లేదు, ప్రోగ్రాము అక్కర్లేదు. రెండు ప్లగ్గులు, ఐదు తీగలు చాలు. పాత కన్సోల్ ఎనిమిది అడిగి ఆగిపోతుంది. మిగిలిన నాలుగు బటన్లూ చెప్పాలని సిద్ధంగా ఉన్నా, అడగలేదు కాబట్టి చెప్పవు.

దీనిలో ఇంకో అందం ఉంది. సూపర్ ప్యాడ్‌లో వై, బీ బటన్లు నాలుగు బటన్ల గుంపుకి ఎడమ కింది అంచున ఏటవాలుగా పక్కపక్కనే ఉంటాయి. బొటనవేలి కొనతో వై నొక్కి పట్టి పరిగెడుతూ, వేలి మడత దగ్గరి భాగంతో బీ నొక్కి ఎగరొచ్చు. పాత ప్యాడ్‌లో బీ, ఏ మీద వేలు పడుకున్నట్టే. తీగలు కలిపితే వేళ్ళు కూడా వాటంతటవే కలిశాయి. నాకు తెలిసినంతలో అడాప్టర్ల లోకంలో ఇంతకంటే అందమైనది లేదు. అందులో సగం గొప్పతనం ఆ తీగ చేసినవాడిది కాదు, ఏళ్ళ ముందే వరస చెడగొట్టకుండా ఉంచిన ఇంజినీరుది.

అదే ఎన్‌ఈఎస్‌కి ఇవాళ్టి బ్లూటూత్ కంట్రోలర్‌ని తగిలించాలంటే ఐదు తీగలు చాలవు. మధ్యలో ఒక చిన్న కంప్యూటర్ కూర్చుని తాను 4021 చిప్పునని కన్సోల్‌ని నమ్మించాలి. ఇక్కడ పాత యంత్రం లోపాలు కూడా తెలిసి ఉండాలి. ఎన్‌ఈఎస్‌లో రికార్డు చేసిన శబ్దాన్ని వినిపించే భాగం ఒకటుంది. డ్రమ్ము దెబ్బ లాంటి శబ్దం వినిపిస్తున్న సమయంలో కన్సోల్ ప్యాడ్‌ని చదివితే, అప్పుడప్పుడు అనుకోకుండా ఒక తట్టు ఎక్కువ పడుతుంది. వరస ఒక అడుగు జరిగిపోతుంది, ఎడమ నొక్కితే కిందికి నొక్కినట్టు అనిపిస్తుంది. సూపర్ మారియో బ్రదర్స్ 3 రాసినవాళ్ళకి ఇది తెలుసు. అందుకే ఆ గేము ప్యాడ్‌ని రెండుసార్లు చదివి, రెండు జవాబులూ ఒకటైతేనే నమ్ముతుంది, లేకపోతే మళ్ళీ చదువుతుంది. అంటే అడాప్టర్‌ని ఒకే ఫ్రేములో రెండు మూడుసార్లు గంట కొట్టి అడగొచ్చు. "ఇప్పుడేగా చెప్పాను" అని బద్ధకించే అడాప్టర్ అక్కడ తప్పుతుంది. మొదటి గంటకి సిద్ధమై, రెండో గంట వెంటనే వస్తుందని ఊహించని ప్రోగ్రాములు రాసేవాళ్ళున్నారు. వాటితో మామూలు గేములన్నీ బాగుంటాయి, ఈ ఒక్క గేములో మారియో తడబడతాడు. గేము పాడైందనుకుంటారు ఆడేవాళ్ళు.

ఇంతకంటే కఠినమైన పరీక్ష నింటెండో 64. 1996లో వచ్చిన ఈ కన్సోల్ ప్లగ్గులో మూడే పిన్నులు. ఒకటి కరెంటు, ఒకటి భూమి, మిగిలిన ఒక్క తీగ మీదే ప్రశ్న పోవాలి, జవాబు రావాలి. ఒక్కో బిట్టుకి 4 మైక్రోసెకన్లు. తీగ 3 మైక్రోసెకన్లు కింద ఉండి 1 పైన ఉంటే సున్నా, 1 కింద ఉండి 3 పైన ఉంటే ఒకటి. కన్సోల్ ఎనిమిది బిట్లలో అడుగుతుంది, కంట్రోలర్ 32 బిట్లలో చెబుతుంది. పదహారు బిట్లు బటన్లకి, ఎనిమిది స్టిక్ అడ్డంగా ఎంత వంగిందో చెప్పడానికి, ఎనిమిది నిలువుగా ఎంతో చెప్పడానికి. మొత్తం జవాబు 128 మైక్రోసెకన్లలో అయిపోతుంది. మొదలుపెట్టిన జవాబు మధ్యలో ఆగడానికి లేదు, సాగడానికి లేదు.

16 మెగాహెర్ట్జ్‌తో నడిచే చిన్న ఏవీఆర్ చిప్పుల మీద ఈ పని చేసినవాళ్ళున్నారు. అంటే ఒక మైక్రోసెకనుకి పదహారు గడియలు. తీగని కిందికి దించడానికి ఎన్ని గడియలు, తర్వాతి బిట్టు ఏమిటో చూసుకోవడానికి ఎన్ని, మళ్ళీ పైకి లేపడానికి ఎన్ని, అన్నీ లెక్కపెట్టి, మిగిలిన గడియలకి ఏ పనీ చేయని ఆదేశాల్ని పేర్చి, అసెంబ్లీ భాషలో రాశారు. ఒక్క ఆదేశం ఎక్కువైతే బిట్టు వంకరపోతుంది. ఆ కోడుని చదువుతుంటే ఛందస్సు లెక్క చూస్తున్నట్టే ఉంటుంది నాకు. గణం తప్పితే పద్యం నిలవదు.

ఇప్పటి అడాప్టర్లలో నేను ఎక్కువగా మెచ్చుకునేది బ్లూరెట్రో. ఇది ఎవరైనా చదవడానికి, వాడుకోవడానికి బయటపెట్టిన ప్రోగ్రాము. ఈఎస్‌పీ32 అనే చవకైన చిప్పు మీద నడుస్తుంది. ఆ చిప్పులో రెండు కోర్లు, బ్లూటూత్ అంతా లోపలే ఉంటాయి. ఎన్‌ఈఎస్ నుంచి మెగాడ్రైవ్, శాటర్న్, ప్లేస్టేషన్, నింటెండో 64, డ్రీమ్‌క్యాస్ట్, గేమ్‌క్యూబ్ దాకా ఇదొక్కటే మాట్లాడగలదు. తీగ మారిస్తే చాలు. దాని గుట్టు ఆ రెండు కోర్లని పంచిన తీరులో ఉంది. బ్లూటూత్ అనేది చంచలమైన వ్యవహారం. గాలిలోంచి వార్తలు ఒక లెక్కన రావు, ఒకసారి తొందరగా, ఒకసారి ఆలస్యంగా వస్తాయి. వచ్చినప్పుడల్లా చిప్పు పని ఆపి వాటిని చూసుకోవాలి. అదే సమయంలో నింటెండో 64 అడిగితే 1 మైక్రోసెకను కూడా ఆలస్యం కుదరదు. అందుకే ఒక కోర్ గాలి వైపు పని మాత్రమే చూస్తుంది. రెండో కోర్ తీగ వైపు చూపు తిప్పకుండా కూర్చుంటుంది. మన టిఫిన్ సెంటర్‌లో గల్లా దగ్గర గొడవంతా ఒకరు పడుతుంటే, పెనం దగ్గర మనిషి పలక మీద రాసింది చూసి అట్టు తిప్పుకుంటూ ఉంటాడే, అచ్చం అలా. రెండు కోర్ల మధ్య ఉన్న పలక కొంచెం మెమరీ మాత్రమే. గాలి కోర్ దాని మీద తాజా స్థితి రాస్తుంది, తీగ కోర్ అడిగినప్పుడు అందులో ఉన్నది చెబుతుంది.

కాలం తర్వాత స్పర్శ. నింటెండో 64 స్టిక్ లోపల రెండు చిన్న పళ్ళచక్రాలు కాంతి దారిలో తిరుగుతాయి. ఎన్ని చీలికలు దాటాయో లెక్కపెట్టి ఎంత వంగిందో చెబుతాయి. కన్సోల్ వేసినప్పుడు స్టిక్ ఎక్కడుంటే అదే సున్నా. ఏళ్ళు ఆడాక ఆ కర్ర కింద ఉన్న ప్లాస్టిక్ గిన్నె అరిగి, తెల్లటి పొడి రాలి, స్టిక్ వదులైపోతుంది. అందుకే దీనికి వేరే కంట్రోలర్ తగిలించాలని చూసేవాళ్ళు ఎక్కువ. కానీ ఆ స్టిక్ నిజంగా ఇచ్చే సంఖ్యలు అటూ ఇటూ దాదాపు 80 దాకానే. ఎనిమిది బిట్లలో 127 దాకా పట్టినా, గేములు రాసినవాళ్ళు 80 దరిదాపుల్ని నమ్ముకుని రాశారు. సూపర్ మారియో 64లో స్టిక్‌ని కొంచెం వంచితే మునివేళ్ళ మీద నడక, ఇంకొంచెం వంచితే మామూలు నడక, పూర్తిగా వంచితే పరుగు. అడాప్టర్ కొత్త స్టిక్ ఇచ్చిన పూర్తి సంఖ్యని అలాగే దాటించేస్తే మునివేళ్ళ నడకకి చోటే మిగలదు. కాస్త తాకగానే పరుగు అందుకుంటాడు.

పోనీ 80కి సరిపడేలా తగ్గిస్తే సరా అంటే, సరికాదు. పాత స్టిక్ చుట్టూ ఎనిమిది మూలల గూడు ఉంటుంది. మూలకి వంచితే రెండు వైపులా 70 దరిదాపు వస్తాయి. ఇప్పటి స్టిక్‌లు గుండ్రటి గూట్లో తిరుగుతాయి. గుండ్రంలో 80 వ్యాసార్ధమైతే మూలకి వచ్చేది 57 మాత్రమే. మూలకి 70 వస్తుందని నమ్ముకున్న గేముల్లో నిటారుగా అంతా బాగానే ఉంటుంది, ఏటవాలుగా వెళ్ళేటప్పుడు మాత్రం కదలిక మందగిస్తుంది. ఎందుకో తెలియదు, ఏదో వెలితిగా ఉంటుంది ఆడేవాడికి. మంచి అడాప్టర్‌లో గుండ్రాన్ని ఎనిమిది మూలలకి సాగదీసే లెక్క ఉంటుంది. మధ్యలో ఎంత కదలికని లెక్కలోకి తీసుకోకూడదో దానికీ ఒక లెక్క ఉంటుంది. గేము తన వంతుగా ఇప్పటికే మధ్యలో కొంత వదిలేస్తుంది కాబట్టి అడాప్టర్ ఇంకా ఎక్కువ వదిలేస్తే స్టిక్ చచ్చుబడినట్టు అనిపిస్తుంది. ఈ అంకెలన్నీ ఎవరో ఒకరు పాత కంట్రోలర్‌ని ముందు పెట్టుకుని, వందసార్లు వంచి, రాసుకుని తెచ్చినవి.

వెనక్కి ఒక్క అడుగు వేసి అటారీ 5200 గురించి చెప్పాలి. 1982లో వచ్చింది. దాని స్టిక్ వదిలితే మధ్యకి తిరిగి రాదు. లోపల స్ప్రింగు లేదు, చుట్టూ ఒక రబ్బరు తొడుగు మాత్రం ఉంది. ఆ రోజుల్లోనే జనం విసుక్కున్నారు. ప్యాక్‌మ్యాన్ లాంటి నాలుగు దిశల ఆటకి అదెలా పనికొస్తుంది? అప్పట్లోనే మాస్టర్‌ప్లే ఇంటర్‌ఫేస్ అనే పెట్టె వచ్చింది. 2600 జాయ్‌స్టిక్‌ని 5200కి తగిలిస్తుంది. 5200లోని పోకీ చిప్పు స్టిక్ వంపుని 0 నుంచి 228 దాకా సంఖ్యగా చదువుతుంది. 2600 జాయ్‌స్టిక్‌కి తెలిసింది అవును, కాదు మాత్రమే. అంటే పెట్టె "ఎడమ" అనే మాటని ఒక చిన్న సంఖ్యగా, "కుడి"ని ఒక పెద్ద సంఖ్యగా, ఏదీ నొక్కకపోతే సరిగ్గా మధ్యలోని సంఖ్యగా కనిపించేలా చేయాలి. 5200 సొంత కంట్రోలర్ మీద అంకెల బటన్లు, స్టార్ట్, పాజ్ ఉంటాయి, అవి లేకుండా ఆట మొదలే కాదు. పాత జాయ్‌స్టిక్‌కి అవి లేవు. అందుకని ఆ పెట్టెలో అసలు కంట్రోలర్‌ని కూడా గుచ్చుకోవడానికి రెండో సాకెట్ పెట్టారు. కర్ర ఒక దాన్నుంచి, అంకెలు ఇంకో దాన్నుంచి. తాను చేయలేని పనిని దాచకుండా, దానికి పక్కన కుర్చీ వేసిన ఆ ఆలోచన నాకు చాలా ఇష్టం.

ఏ అడాప్టరూ చేయలేని పనులూ ఉన్నాయి. 1981లో యాక్టివిజన్ తెచ్చిన కబూమ్ ఆడాలంటే పాడిల్ కావాలి. పై నుంచి పడే బాంబుల కింద బకెట్లని పరిగెత్తించడానికి మణికట్టు తిప్పినంత వేగం బొటనవేలి స్టిక్‌కి రాదు. స్టిక్ ఎటు పోవాలో చెబుతుంది, పాడిల్ ఎక్కడ ఉండాలో చెబుతుంది. సంఖ్యల లెక్క కుదిరినా చెయ్యి కుదరదు. అటువంటి గేముకి పాడిలే వెతుక్కోవాలి.

చేతికి కుదరడమంటే అందరి చేతులూ ఒకలా ఉండవు కదా. 1989లో నింటెండో అమెరికాలో ఎన్‌ఈఎస్ కోసం చేతులు వాడకుండా ఆడే కంట్రోలర్ తెచ్చింది. ఛాతీకి కట్టుకునేది. నోటి దగ్గరి గొట్టంలోకి ఊదితే ఒక బటన్, పీలిస్తే ఇంకో బటన్. తీగకి అటు చివర నుంచి కన్సోల్‌కి అందేది అవే ఎనిమిది జవాబులు. 2018లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌కి హెడ్‌ఫోన్ గుచ్చే సాకెట్ లాంటివి పంతొమ్మిది ఉన్నాయి. ఒక్కోదానికి ఒక పెడల్, మోచేతితో నొక్కే పెద్ద మీట, ఏది కావాలంటే అది తగిలించుకోవచ్చు. అది బ్లూటూత్‌తో మాట్లాడుతుంది, బ్లూరెట్రోకి దాని మాట తెలుసు. అంటే దాన్ని ఫామికామ్‌కి కూడా తగిలించొచ్చు.

విడివిడి మీటలు వాడినప్పుడు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ప్యాడ్ మీద శిలువ ఆకారపు బటన్‌ని ఎడమకి నొక్కితే కుడి లేస్తుంది, రెండూ ఒకేసారి నొక్కడం కుదరదు. గేములు రాసినవాళ్ళు ఆ మాట మీదే నిలబడ్డారు. విడి మీటలతో రెండూ కలిసి నొక్కడం తేలిక. అలా నొక్కితే జెల్డా 2 గేములో హీరో లింక్ ఎన్నడూ లేని వేగంతో దూసుకుపోతాడు. కాబట్టి ఎడమ, కుడి రెండూ వస్తే రెండూ రానట్టే పంపమని అడాప్టర్‌కి చెప్పాలి.

నేనిది నేర్చుకున్నది మా మావయ్య కోసం. కొన్నేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పట్టు తగ్గింది. తెనాలి ఇంట్లో అటక మీద ఆ సెట్టు ఇంకా ఉంది. పాడైన జాయ్‌స్టిక్ తోక కోసి, అందులోని ఐదు తీగల్ని ఈఎస్‌పీ32 బోర్డుకి అతికాను. ఆ చిప్పు 3.3 వోల్టులది, సెట్టు 5 వోల్టులది కాబట్టి మధ్యలో వోల్టేజి మార్చే చిన్న బోర్డు పెట్టాను. ఎడమచేతికి దిశలు, మోచేతి కింద బీ, పాదం కింద పెడల్‌కి ఏ.

మొదటి సాయంత్రం మావయ్య మూడుసార్లు ఒకే గుంటలో పడ్డాడు. మారియోలో బటన్ ఎంతసేపు నొక్కి ఉంచితే అంత ఎత్తు ఎగురుతాడు, వదలగానే దిగడం మొదలవుతుంది. "ఏరా, నేను కాలు తీసేశాక కూడా వీడు ఎగురుతూనే ఉన్నాడు" అన్నాడు. పెడల్ తిప్పి చూశాను. స్ప్రింగు మెత్తగా ఉండి మీట నింపాదిగా లేస్తోంది. కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు నుంచి గట్టి స్ప్రింగు ఒకటి తెచ్చి, రెండు చుట్లు కత్తిరించి వేశాను. "ఇప్పుడు చూడు మావయ్యా" అంటే మళ్ళీ మొదటి నుంచి ఆడాడు. ఆ గుంట దాటాక ఆపమంటే ఆపలేదు.